నల్లమలలో శాటిలైటు ఫోను: ఏమి ఆశించవచ్చును, ఏమి ఆశించరాదు

దోర్నాల దాటి శ్రీశైలము ఘాటు రోడ్డు ఎక్కిన కొంతసేపటికే చేతిలోని మొబైలు ఫోను మూగవోవుట ఆ దారిని పోవు వారందరు ఎరిగినదే. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవునపుడు దిగువమెట్ట దాటి అడవిలో ప్రవేశించిన తరువాతను ఇదే అనుభవము. ప్రయాణీకునకు ఇది గంటసేపటి చికాకు మాత్రమే. యర్రగొండపాలెము మండలములోని పాలుట్ల వంటి అడవి లోపలి చెంచు గూడెములవారికి, గొర్రెలను తోలుకొని కొండ మొదళ్ళకు పోవు కాపరులకు, మంటల కాలములో అడవిని కాచు సిబ్బందికి సంగతి వేరు. పాము కరచినను, వాగు పొంగినను, కబురు పోవుటకు పట్టు కాలమును బట్టియే మనిషి దక్కుట దక్కకపోవుట తేలును.

టవర్లు పెరుగుచున్నవి. సిగ్నలు అందని గ్రామములకు 4జి సేవ కల్పించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అయినను నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యములో ప్రతి లోయకు ఒక టవరు వచ్చునని ఎవరును అనుకొనరు. ఉన్న టవరు కూడ గాలివానలో కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయినచో పనిచేయదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణము వంటి మహానగరమే ఫోన్లు లేక ఒంటరి అయినది గదా.

ఈ అడవి ఎంతటిదో 2009 సెప్టెంబరులో రాష్ట్రమంతయు చూచినది. ఆ నెల 2వ తేదీ ఉదయము ముఖ్యమంత్రి డా. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణించుచున్న హెలికాప్టరు నల్లమలపై సంబంధము కోల్పోయినది. పోలీసులు, కేంద్ర బలగములు, చెంచులు నేలమీద, విమానములు ఆకాశమున వెదకినను, కర్నూలు వైపున పావురాలగుట్ట మీద శకలములు కనబడుటకు మరునాటి ఉదయము వరకు పట్టినది. ప్రయాణించిన 5 మందిలో ఎవరును మిగులలేదు. శాటిలైటు ఫోను ఉన్నంతమాత్రమున ఆ ప్రమాదము తప్పెడిదని మేము చెప్పుట లేదు. ఒక ప్రభుత్వము తన బలగమునంతటిని దింపినపుడే ఒక పగలు, ఒక రాత్రి గడచినచో, దారి తప్పిన ఒక కాపరి సంగతి ఏమగునో గ్రామాధికారులు ఊహించుకొనవలెను.

ఉపగ్రహము పల్లెకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి ఒక ఏడాదిపాటు అమెరికా వారు అరువిచ్చిన ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. వానిలో వ్యవసాయ పాఠములు ముఖ్యమైనవి. ఆనాడు పల్లె కేవలము విన్నది, చూచినది. శాటిలైటు ఫోనులో పల్లె కూడ బదులు పలుకును.

పని తీరు ఇట్లుండును. మామూలు మొబైలు కొద్ది కిలోమీటర్ల దూరమున ఉన్న టవరుతో మాట్లాడును. మన దేశములో అనుమతి గల శాటిలైటు ఫోను సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమధ్యరేఖకు పైగా నిలిచియున్న ఇన్మార్‌శాట్ ఉపగ్రహముతో మాట్లాడును. అచ్చటినుండి మాట ఢిల్లీ దగ్గర ఘజియాబాదులోని బి.ఎస్.ఎన్.ఎల్. భూకేంద్రమునకు దిగి, మామూలు టెలిఫోను మార్గమున తిరిగి మార్కాపురము చేరును. పాలుట్లనుండి యర్రగొండపాలెమునకు కబురు ఘజియాబాదు మీదుగా పోవుట వింతగా తోచవచ్చును గాని, మధ్యదారిలో మన ప్రాంతపు టవరుతోగాని, కరెంటుతోగాని పనిలేకపోవుటయే దాని బలము.

ఇక ముఖ్య విషయము. ఈ ఫోనుకు ఆకాశము కనబడవలెను. ఇంటిలో, జీపులో, రేకుల పందిరి క్రింద ఇది పలుకదు. ఉపగ్రహము మనకు దక్షిణ దిశగా చాల ఎత్తున ఉండును. కాబట్టి దూరపు కొండ అంతగా అడ్డము కాదు. దగ్గరి చెట్టు అడ్డమగును. నల్లమల వరుసలు హెచ్చుగా ఉత్తర దక్షిణములుగా సాగుట మనకు ఒక మేలు. లోయ నడుమ నిలిచినను దక్షిణపు ఆకాశము తరచు తెరిపిగానే ఉండును. దక్షిణపు గట్టును ఆనుకొని నిలుచుట మాత్రము పనికిరాదు. చెరువుకట్ట, కళ్ళము, రాతి పరుపు, అటవీశాఖవారు మంటలు ప్రాకకుండ చదును చేసిన గీతలు, ఘాటు రోడ్డు మలుపులు మంచి తావులు. ఎండిన వాగు నడుమ కూడ ఆకాశము బాగుగా కనబడును. వానకాలములో మాత్రము అచ్చట నిలువరాదు, పైన ఎక్కడో కురిసిన వానకు వాగు చెప్పకుండ వచ్చును.

ఋతువును బట్టియు తేడా కలదు. మన అడవి ఆకు రాల్చు అడవి. మార్చి, ఏప్రిలు నెలలలో మోడైన కొమ్మల సందున ఫోను ఒక మాదిరిగా పలుకును. జూలై మొదలు అక్టోబరు వరకు ఆకు దట్టమై, తడిసి ఉండును. వాన చినుకు ఈ తరంగములను అంతగా అడ్డదు గాని తడిసిన ఆకు గట్టిగా అడ్డును. పాములు తిరుగునదియు, వాగులు తెగునదియు ఆ నెలలలోనే. కాబట్టి వేసవిలో పలికిన చోటు వానకాలములో పలుకునని నమ్మరాదు. ప్రతి గూడెమునకు, ప్రతి అటవీ శిబిరమునకు ఒక “మాట్లాడు చోటు” ఆగస్టు నెలలో పరీక్షించి నిర్ణయించుకొని, అచ్చట సున్నము పూసిన రాయి పాతుట మంచిది. చీకటిలో వెదకుకొను పని ఉండదు.

ఫోను తెరచి, ఆంటెనా పూర్తిగా లాగి, ఆకాశమువైపు నిలువుగా ఉండునట్లు పట్టవలెను. మొబైలువలె చెవికి అడ్డముగా వాల్చినచో సిగ్నలు పోవును. ఫోను మొదట జి.పి.ఎస్. ద్వారా తానెచ్చట ఉన్నదో తెలిసికొని, పిదప ఉపగ్రహముతో చేరిక పొందును. తెరిపి చోట దీనికి ఒకటి రెండు నిమిషములు చాలును; చాలకాలము మూసియుంచినదైనచో ఇంకను పట్టవచ్చును. ఈ లోపల నెంబరు కొట్టి, పలుకలేదని కోపగించి, ఫోను ఆపి మరల తెరచువారు మొదటికే వచ్చెదరు. కదలక నిలుచుటయే ఇచ్చట నేర్పు.

మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు సుమారు పావు సెకను పట్టును. బదులు వచ్చుటకు మరియొక పావు సెకను, యంత్రముల జాప్యము అదనము. అవతలివారు విననట్లు తోచి మనము మరల మాటాడినచో ఇరువురి మాటలు గుద్దుకొనును. అందుచేత ఒక వాక్యము చెప్పి, ఆగి, “చెప్పండి” అని ముగించుట అలవాటు చేసికొనవలెను. గొంతు కొంత రేకు డబ్బాలో నుండి వచ్చినట్లు ఉండును. కేకలు వేసిన లాభము లేదు. నెమ్మదిగా, విడివిడిగా పలికిన మాట బాగుగా అందును.

మాట ఏ క్షణమునైనను తెగవచ్చును గనుక కబురు వరుస ముందే కాగితముపై వ్రాసికొనవలెను: మొదట చోటు, తరువాత జరిగినది, తరువాత కావలసినది. ఉదాహరణకు: “పాలుట్ల గూడెం నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున ఏడింటికి ఒకాయన్ని పాము కరిచింది. స్పృహలో ఉన్నాడు. ట్రాక్టరులో యర్రగొండపాలెం బయలుదేరుతున్నాం. అంబులెన్సు ఎదురు రావాలి. చెప్పండి.” ఇంతవరకు అందినచో తరువాత తెగినను పని జరుగును. “నమస్కారం అన్నా, బాగున్నారా, ఇక్కడ ఒక సంగతి జరిగింది” అని మొదలుపెట్టువారికి చోటు చెప్పుటకు ముందే లైను పోవుట కద్దు.

ఒక హెచ్చరిక. బండి సిద్ధముగా ఉన్నచో ఫోను పలుకువరకు రోగిని కూర్చుండబెట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక, కట్లు బిగింపక, గాట్లు పెట్టక వెంటనే బయలుదేరి, దారిలో మొదటి తెరిపి చోట ఆగి మాటాడవలెను.

108, 112 వంటి పొట్టి నెంబర్లు ఈ ఫోనునుండి మన జిల్లాకే చేరునని నమ్మరాదు. ఆసుపత్రి, పోలీసు స్టేషను, అటవీ రేంజి కార్యాలయము, తహసీల్దారు గారి పూర్తి నెంబర్లను ముందుగానే నింపి యుంచవలెను. ఫోను ఇచ్చినవారు వేరుగా చెప్పనిచో నెంబరు ముందు +91 ఉండవలెను. మార్కాపురపు కోడు 08596 అయినచో మొదటి సున్న తీసి 8596 అని నింపవలెను. అక్షాంశ రేఖాంశములను ఫోను తెరమీద చూచి చెప్పునపుడు అంకె అంకెగా చదువవలెను. 15 డిగ్రీల 30 నిమిషములు అనునది 15.30 డిగ్రీలు కాదు, 15.50 డిగ్రీలు. ఈ పొరపాటు ఒక్కటి జరిగినచో వెదకువారు 22 కిలోమీటర్ల దూరమున తిరుగుచుందురు.

అవతలినుండి మనకు ఫోను రావలెనన్న మన ఫోను తెరచి, ఆకాశము క్రింద ఉండవలెను. పెట్టెలో ఉన్న ఫోను మ్రోగదు. +870 తో మొదలగు ఇట్టి నెంబర్లకు మామూలు ఫోనునుండి చేయుట ఖరీదు పని. కొన్ని ఫోన్లనుండి అసలు పోదు. కాబట్టి “అరగంటకు మరల నేనే చేసెదను” అని చెప్పి, మాట నిలుపుకొనుట మేలు. వాడుకలో ఉన్న ఐశాట్‌ఫోన్ 2 బ్యాటరీ 8 గంటలు మాటాడుటకు వచ్చునని తయారీదారుల లెక్క. మే నెల ఎండలో ట్రాక్టరు బానెటుమీద పెట్టిన ఫోనుకు ఆ లెక్క వర్తించదు. ఫొటోలు, వీడియోలు పంపవలెనని ఆశించువారు దీనిని ముట్టకుండుటయే మంచిది. ఇది మాటకు, చిన్న సందేశమునకు పరిమితము.

చట్టము సంగతి రైతు సోదరులు తప్పక ఎరుగవలెను. కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేనిదే శాటిలైటు ఫోను ఉంచుకొనుట, వాడుట మన దేశములో నేరము. బి.ఎస్.ఎన్.ఎల్. ఈ సేవను 2017 మే నెలలో మొదట పోలీసు, రైల్వే, విపత్తు నివారణ వంటి ప్రభుత్వ సంస్థలకై ప్రారంభించినది. తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేక తెచ్చినచో విమానాశ్రయముననే పట్టుకొందురు. అమెరికాలో ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి అడవి అంచు పొలములో ఒంటరిగా ఉండునని ప్రేమతో కొనితెచ్చు పరికరము తండ్రిని పోలీసు స్టేషను మెట్లు ఎక్కించవచ్చును. అరచేతిలో ఇముడు శాటిలైటు సందేశ యంత్రములకును ఇదియే వర్తించును. ఈ మాట పిల్లలకు ముందుగానే వ్రాయుట మంచిది. ఆకాశమునుండి ఇంటర్నెట్ ఇచ్చు స్టార్‌లింక్ సంస్థకు 2025 జూన్‌లో లైసెన్సు లభించినది గాని, అది కప్పుమీద పళ్ళెము బిగించు పద్ధతి. చేతి ఫోనుతో దీనికి పోలిక లేదు.

అటవీశాఖవారి వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్లు ఉన్నచోట అవియే ముందు. ఒకరు పలికినది పది శిబిరములు వినును, ఖర్చు లేదు, మీట నొక్కిన వెంటనే పలుకును. అయితే కొండ అడ్డమైనచో వానికి మధ్య కేంద్రము కావలెను. సెట్టు అందని లోయలకు శాటిలైటు ఫోను ఉంచుటయే యుక్తము. మండలమునకు ఒక ఫోను మంజూరైనచో దానిని కార్యాలయపు బీరువాలో పెట్టి తాళము వేయుట అందరికన్న ముందు తోచు ఆలోచన. అందరికన్న పనికిమాలినదియు అదియే. వానకాలములో అది అడవికి దగ్గరి శిబిరములోగాని, గూడెపు ఆరోగ్య కార్యకర్త వద్దగాని ఉండవలెను. నెలకొకమారు ఒక నిర్ణీత దినమున మాట్లాడు చోటునుండి తహసీల్దారు కార్యాలయమునకు ఒక నిమిషము మాటాడి, బ్యాటరీ, సిమ్ము గడువు, చందా గడువు చూచి పుస్తకములో వ్రాయవలెను. కనీసము ముగ్గురికి దీనిని వాడుట వచ్చియుండవలెను. వారిలో ఒకరు రాత్రివేళ గూడెములోనే నిదురించువారు కావలెను.