ఆర్కిటెక్ట్ అంటే ఎలివేషన్ ఒక్కటేనా?

తార్నాకలో పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టాలనుకుంటే ముందు బిల్డర్‌ను, తర్వాత వాస్తు పండితుణ్ణి పిలుస్తారు. ఆర్కిటెక్ట్ మాట ఎప్పుడో చివర్లో వస్తుంది. కూతవేటు దూరంలోని ఉస్మానియా క్యాంపస్ మాత్రం వేరే కథ చెబుతుంది.

అపోహ: ముందుభాగం అందంగా గీస్తే ఆర్కిటెక్ట్ పని అయిపోయినట్టే.
వాస్తవం: ఆ క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. అంతకు ముందే ఆర్కిటెక్టులు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా విదేశీ విశ్వవిద్యాలయాలు తిరిగి చూసొచ్చారు. కైరోలో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌కు డిజైన్ అప్పగించారు. ఆలయ స్తంభాలకూ ఇస్లామీ కమానులకూ ఆ భవనంలో పొత్తు కుదిరింది. స్థలం, ఎండ, గాలి, వాడే మనుషులు... ఇవన్నీ చూశాకే ఎలివేషన్.

అపోహ: ప్లాన్ గీసే ప్రతివారూ ఆర్కిటెక్టే.
వాస్తవం: 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. అయితే చట్టం అడ్డుకునేది పేరు వాడకాన్నే, డిజైన్ పనిని కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాల్సింది మనమే.

అపోహ: ఫీజు ఇచ్చేవారి మాటే శాసనం.
వాస్తవం: ‘సెట్‌బ్యాక్‌లో ఇంకో గది లాగేద్దాం సార్’ అని యజమాని అడగొచ్చు. కానీ పక్కింటికి గాలీ వెలుతురూ వచ్చేది, ప్రమాదంలో సాయం చేరేది ఆ ఖాళీలోంచే. పరిసరాల నాణ్యతకూ సమాజం మేలుకూ తన వృత్తి అడ్డురాకుండా చూసుకోవాలని 1989 నాటి ప్రవర్తనా నియమావళి ఆర్కిటెక్టుకు చెబుతోంది. పని తెచ్చిపెట్టినందుకు కమీషన్లు ఇచ్చిపుచ్చుకోవడమూ నిషిద్ధమే.

అపోహ: మెట్ల పక్కన ఏదో ఒక ర్యాంప్ పోస్తే చాలు.
వాస్తవం: చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. గుమ్మం రెండడుగుల ఎత్తులో ఉంటే 24 అడుగుల ర్యాంప్ కావాలన్నమాట. స్కూటర్ ఎక్కించే ఏటవాలు దీనికి పనికిరాదు. ఈ చోటు ప్లాన్‌లోనే వదలాలి, ఇల్లు లేచాక దొరకదు. సౌలభ్య నిబంధనలు పాటించని సంస్థల భవనాలకు అనుమతి ఇవ్వొద్దని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అంటోంది.

అపోహ: పర్మిషన్ చేతికొస్తే ఆర్కిటెక్ట్ బాధ్యత తీరింది.
వాస్తవం: రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రాజెక్టుల్లో కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పని ఎంతవరకూ జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే బిల్డర్ అందులోంచి డబ్బు తీయగలడు. అక్కడ సంతకం అబద్ధమైతే మునిగేది ఫ్లాట్ కొన్నవారే.

ఇల్లు కట్టబోయేవారు ఆర్కిటెక్టును రెండు ప్రశ్నలు అడగండి: రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? మా కోరికల్లో కుదరనివి ఏవి? అన్నిటికీ తలూపేవారైతే మరొకరిని చూసుకోవడమే మేలు.