ఔత్సాహిక రేడియోలో డిజిటల్ వాక్పద్ధతులు

చైత్రపూర్ణిమ దినములలో నల్లమలయందలి సలేశ్వరము జాతరకు పోవు యాత్రికులు ఫరహాబాదు మీదుగా అడవి దారి పట్టుదురు. కొంతదూరము వాహనములు పోవును. పిమ్మట కాలినడకయే. లోయ అడుగున ఎత్తయిన రాతిగోడల నడుమ జలపాతము, గుహలో లింగమయ్య. అమ్రాబాదు పీఠభూమి యందలి ఇట్టి లోయలలో సెల్‌ఫోను పలుకని తావులు పెక్కు కలవు.

అచట ముగ్గురు ఔత్సాహిక రేడియోవారు యాత్రికుల సహాయమునకై నిలిచిరనుకొందము. ఒకరు పైదారిని, ఒకరు కొండవాలున, మరియొకరు లోయలో ఉన్నారు. ముగ్గురి చేతులలోను క్రొత్త రేడియోలే. ముగ్గురును ఒకే పౌనఃపున్యమునకు సవరించుకొన్నారు. క్రిందనున్న యువకుడు "అవ్వ జారి పడ్డది, డోలీ పంపుండ్రి" అని పలికినాడు. పైవారిద్దరికిని ఒక్క మాటయు వినబడలేదు. రేడియోలు చెడిపోలేదు. తరంగము చేరకపోలేదు. మాటాడిన భాషయు అందరిదే. భేదమంతయు ఆ మాటను అంకెలుగా మార్చిన పద్ధతిలో ఉన్నది. ఈ కథ మేము కల్పించినదే యైనను, అందలి చిక్కు మాత్రము నిజమైనది. దానిని గూర్చియే ఇప్పుడు ముచ్చటింపదలచినాము.

లాభాపేక్ష లేక, ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొంది, స్వంత రేడియోతో పరులతో సంభాషించువారిని ఔత్సాహికులనియు, హ్యాములనియు అందురు. 1983లో హైదరాబాదున నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యను మన ప్రాంతమున వ్యాప్తి చేసినది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు ఆ సంస్థ పక్షమున అండమానులకు వెళ్ళియున్న భారతీ ప్రసాద్ గారును, ఆమె బృందమును పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిరి. టెలిఫోను సంబంధములు తెగిన ఆ దీవుల సమాచారమును వారు రేడియో మూలముననే ప్రధాన భూభాగమునకు అందజేసిరి. ఆనాటి వాక్కు పాత అనలాగ్ పద్ధతిని సాగినది. తగిన షార్ట్‌వేవ్ రేడియో కలిగి, తరంగము అందినవారెల్లరును దానిని వినగలిగిరి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

అనలాగ్ పద్ధతిలో మాటయొక్క హెచ్చుతగ్గులు యథాతథముగా తరంగముపై ఎక్కును. డిజిటల్ పద్ధతిలో అట్లు కాదు. మాటను మొదట అంకెలుగా మార్చవలెను. టెలిఫోను శాస్త్రమునందలి సాధారణ లెక్క ప్రకారము సెకనుకు 8,000 పర్యాయములు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాసినచో, సెకనుకు 64,000 బిట్లగును. చేతి రేడియో వాడుకొను సన్నని తరంగమార్గములో అంత బరువు పట్టదు. కావున కోడెక్ అను ఉపకరణము సెకనులో యాబదియవ వంతునకొకమారు కంఠధ్వనిని పరీక్షించి, స్థాయి ఎంత, గొంతు మ్రోగుచున్నదా లేక ఊపిరి మాత్రమే వెలువడుచున్నదా, ఏ స్వరాంశము ఎంత బలముగా నున్నది అను వివరములను మాత్రమే పంపును. ఇది పాటను పంపక, దాని స్వరములను కాగితముపై వ్రాసి పంపుట వంటిది. అవతలి రేడియో ఆ స్వరములను చూచి పాటను తిరిగి పాడును. ఇట్లు 64,000 బిట్ల పని 2,400 బిట్లతో నెరవేరును. అయితే స్వరములు వ్రాసిన లిపి అవతలివానికి రాకపోయినచో, ఆ కాగితము చేరియు ప్రయోజనము లేదు.

చిక్కంతయు ఇచటనే పుట్టినది. లోకమున ముఖ్యముగా మూడు లిపులు వ్యాపించినవి. మొదటిది డి-స్టార్. జపానుదేశపు ఔత్సాహిక రేడియో సంఘము దీనిని 2001లో వెలువరించినది. ఐకామ్ సంస్థ రేడియోల మూలమున ఇది ప్రసిద్ధమైనది. మాటకు 2,400 బిట్లు, తప్పులు దిద్దుటకు 1,200, వ్రాతసమాచారమునకు 1,200, వెరసి సెకనుకు 4,800 బిట్లు ఇందు సాగును. రెండవది డి.ఎం.ఆర్. ఇది ఐరోపా ప్రమాణసంస్థ 2005లో ప్రకటించినది. కర్మాగారములు, వ్యాపారసంస్థల కొరకు పుట్టినను, చవకగా లభించుటచే ఔత్సాహికులును దీనిని చేపట్టిరి. దీనిలో కాలమును 30 మిల్లీసెకనుల వంతులుగా పంచి, ఒకే మార్గమున రెండు సంభాషణలు నడపుదురు. మూడవది 2013లో యాయెసు సంస్థ తెచ్చిన సిస్టమ్ ఫ్యూజన్. రిపీటరు తనకు వచ్చినది పాత ఎఫ్.ఎం. వాక్కో, డిజిటల్ వాక్కో తానే గుర్తించి నడచుకొనుట దీని విశేషము.

ఈ మూడింటిలో ఒకదానిని మరియొకటి నేరుగా గ్రహింపలేదు. తరంగముపై బిట్లను ఎక్కించు విధానము వేరు, వాటిని పేర్చు క్రమము వేరు. డి-స్టార్ కోడెక్కు కంటె తక్కిన రెండింటి కోడెక్కు తరువాతి తరమునకు చెందినది. ఫ్యూజన్ యొక్క సాధారణ విధానమును, డి.ఎం.ఆర్.ను ఒకే కోడెక్కును వాడుటచే వాటి నడుమ వంతెన కట్టుట సులభము. డి-స్టార్‌తో కలుపవలెనన్న మాటను ఒకమారు విప్పి, మరల క్రొత్త లిపిలో కట్టవలెను. సికింద్రాబాదునుండి మహబూబునగరము మీదుగా కర్నూలుకు పోవు రైలుమార్గము మీటరు గేజిగా నున్న కాలమును పెద్దలెరుగుదురు. బ్రాడ్‌గేజి బండిలో వచ్చిన బస్తాలను దించి, చిన్న బండికి ఎక్కింపవలసివచ్చెడిది. అట్లు మార్చినప్పుడెల్ల కొన్ని గింజలు రాలక మానవు. కోడెక్కు మార్చినప్పుడు మాటకును అదే గతి.

ఇంత శ్రమపడి డిజిటల్ పద్ధతి ఏల అని అడుగవచ్చును. దీనికి లాభములు లేకపోలేదు. కొంత బలహీనమైన తరంగముపైనను మాట గరగర లేక స్పష్టముగా వినబడును. సంకేతనామము, స్థానసూచన మాటతోపాటే పోవును. అయితే ఎఫ్.ఎం. వాక్కు దూరమయిన కొలది రొదలో క్రమముగా మునుగును. ఆ రొదలోనే చెవి పెట్టి "అవ్వ", "డోలీ" అను రెండు మాటలను పట్టుకొనవచ్చును. డిజిటల్ వాక్కు గట్టు అంచువరకు చక్కగా నడచి, ఆపైన ఒక్కసారిగా పడిపోవును. కొండలు అడ్డమగు నల్లమలలో ఈ భేదము స్వల్పమైనది కాదు.

హాట్‌స్పాట్లను చిన్న పెట్టెలు పలుపద్ధతులను తెలిసికొని పరస్పరము కలుపుచున్నవి. నగరమున ఇవి మిక్కిలి ఉపకరించును. కాని సాధారణముగా వాటి పని ఇంటర్నెట్టుపై ఆధారపడినది. అడవిలో అది లేదు. తుపానులో అది తెగును. వేరొక మార్గము, కోడెక్కునే ఎల్లరి సొత్తు చేయుట. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రో అనునతడు కోడెక్ 2 అను బహిరంగ కోడెక్కును రచించెను. దానిని ఆధారముగా గొని 2019లో పోలండు దేశమున ఎం17 అను పద్ధతి ఆరంభమైనది. దాని నిర్మాణము ఎవరైనను చదివి, స్వయముగా చేసికొనవచ్చును. అయినను మొదటి మూడింటి వ్యాప్తి దానికింకను లేదు.

మా శ్రోతల ఇండ్లకును ఈ ప్రశ్న దూరమైనది కాదు. ఆకాశవాణి మధ్యతరంగములపై డి.ఆర్.ఎం. అను డిజిటల్ పద్ధతిని స్వీకరించినది. ఇంటనున్న పాత రేడియో ఆ డిజిటల్ ప్రసారమును గ్రహింపలేదు. అనలాగ్ మధ్యతరంగ ప్రసారమైనచో, తాతగారు కొన్న పెట్టెయు, మనుమడు నిన్న కొన్న పెట్టెయు సమానముగా వినిపించును. ఎల్లరికి వినబడుటయు ఒక నాణ్యతయే.

ఇక చేయదగినదేమి? ఔత్సాహికుల డిజిటల్ చేతి రేడియోలలో ఎక్కువవాటికి ఎఫ్.ఎం. కూడ కలదు. జాతరకో, వరద సహాయమునకో బయలుదేరుటకు ముందు అందరును ఒక ఎఫ్.ఎం. పౌనఃపున్యమును నిర్ణయించుకొని, ప్రతి రేడియోలోను దానిని నిలిపి, బయలుదేరు చోటనే ఒకరినొకరు పిలిచి చూచుకొనవలెను. క్రొత్తగా రేడియో కొనువారు వెల కన్నను, వన్నె కన్నను ముందుగా ఇరుగుపొరుగు హ్యాములు ఏ పద్ధతిని వాడుచున్నారో విచారింపవలెను. పద్ధతులు ఎన్నియైనను ఉండవచ్చును. లోయనుండి ఒకరు పిలిచినప్పుడు గట్టుమీదివారు పలుకగలుగుటయే వాటన్నిటికిని పరీక్ష.