ఆంక్షల సరిహద్దు మన గోదావరే

రష్యా మీద ఆంక్షలు, ఇరాన్ మీద ఆంక్షలు... ఫోన్‌లో ఇలాంటి న్యూస్ వస్తే మనకెందుకులే అని స్క్రోల్ చేసేస్తాం. కానీ 1948లో అలాంటి సరిహద్దు మన గోదావరే.

అప్పట్లో భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, అంటే ఇండియాలో ఉండేది. నది దాటితే బూర్గంపాడు, ఇంకా ముందుకెళ్తే ఖమ్మం. అదంతా నిజాం రాజ్యం.

1947లో నిజాం ఇండియాలో కలవనన్నాడు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరినా గొడవ ఆగలేదు. నిజాం సర్కారు పాకిస్తాన్‌కి 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది, తన రాజ్యంలో భారత కరెన్సీ చెల్లదంది. రజాకార్ల దాడులు పెరిగాయి. ఇటువైపు నుంచి సరుకుల రవాణాకి బ్రేకులు పడ్డాయి.

హైదరాబాద్ రాజ్యానికి సముద్రం లేదు. ఉప్పు, పెట్రోలు బయటి నుంచే రావాలి. 1948 ఆగస్టులో నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి తలుపు తట్టింది. మమ్మల్ని ఆర్థికంగా దిగ్బంధించారన్నది దాని ఫిర్యాదుల్లో ఒకటి.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే విషయం. ఉప్పుకి అడ్డం పడింది గానీ తుపాకులకి పడలేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపాడు. సర్కారుకి ఆకాశంలో దారి దొరికింది. పల్లెల్లో కూలి చేసుకునేవాళ్లకి ఏ దారి ఉంది?

చివరికి నిజాంని లొంగదీసింది ఆంక్షలు కాదు, సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య. 17కల్లా లొంగిపోయాడు.

అందుకే 'ఆంక్షలు' అనే హెడ్‌లైన్ కనిపిస్తే ఇప్పుడు నాకు మొదట వచ్చే డౌట్ ఒక్కటే: అక్కడ ఉప్పు అందనిది ఎవరికి?