టవర్ పోయాక ట్యాబ్‌లో ఏం మిగులుతుంది?

మణుగూరు దాటి ఏటూరునాగారం రోడ్డు పట్టుకుంటే ఏడూళ్ల బయ్యారం, పినపాక వస్తాయి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. తారురోడ్డు వదిలి గూడేల వైపు మళ్లితే చాలు, ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ట్యాబ్ కొనేవాళ్లు దుకాణంలో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని అడుగుతారు. ఇక్కడివాళ్లు ముందు అడగాల్సినవి అవి కావు. టవర్ లేనప్పుడు, కరెంటు లేనప్పుడు అది ఏ పనికొస్తుందో తేల్చుకోవాలి.

చవక ట్యాబ్‌కు తెలుగునేలతో పాత చుట్టరికమే ఉంది. 2011 అక్టోబరు 5న కేంద్రం విడుదల చేసిన ‘ఆకాశ్’ను డేటావిండ్ కంపెనీ కోసం హైదరాబాదులోనే బిగించారు. 7 అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆ తెరలో రెండు పొరలుండేవి. వేలి ఒత్తిడికి పై పొర కింది పొరను తాకితేనే పని జరిగేది కాబట్టి గట్టిగా నొక్కాల్సి వచ్చేది. ఇప్పటి తెరలు వేలు ఆనినచోట విద్యుదావేశంలో వచ్చే మార్పును పసిగడతాయి, ఒత్తిడితో పనిలేదు. వానలో నాలుగు చినుకులు పడితే మాత్రం అవి తికమకపడతాయి.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. పథకం మంచిచెడ్డల మీద వాదనలు ఎన్నో జరిగాయి, వాటి జోలికి పోను. పాఠాలను ముందే ట్యాబ్‌లోకి ఎక్కించి ఇవ్వడం మాత్రం తెలివైన పని. నెట్ ఉన్నా లేకపోయినా పాఠం నడుస్తుంది. మెమరీ కార్డు పెట్టుకునే వీలున్న ట్యాబ్ అడవి అంచు ఊళ్లకు నప్పేది ఇందుకే. ఐప్యాడ్‌లో కార్డుకు చోటే లేదు. ఎంత నిల్వ కావాలో కొనే రోజునే తేల్చుకోవాలి, తర్వాత పెంచలేం.

తెర దగ్గర తెలుగువాళ్ల లెక్క కాస్త వేరు. మన అక్షరాల కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ‘స్వాతంత్ర్యం’లో చివరి అక్షరం విడివిడిగా కనబడాలంటే చుక్కలు దట్టంగా ఉండాలి. ఆకాశ్ తెరలో అంగుళానికి సుమారు 133 చుక్కలు. 8.7 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లో 179, మామూలు ఐప్యాడ్‌లో 264. సినిమా చూసేవాడికి ఈ తేడా పెద్దగా తెలియదు. పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదివేవాడి కళ్లకు గంటలోనే తెలిసిపోతుంది.

ఇక దారి చూపే జీపీఎస్. దానికి నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు చాలు. కానీ అవి సెకనుకు 50 బిట్ల చొప్పున, మహా నింపాదిగా వస్తాయి. నెట్ ఉంటే ఉపగ్రహాల జాడ అక్కడి నుంచి చప్పున అందుతుంది. లేకపోతే ఆరుబయట ఆకాశం కనబడేచోట కాసేపు ఆగాలి. మ్యాపును ఇంటి దగ్గరే దించుకుని ఉంచుకోవాలి. ఒక మెలిక ఉంది: వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు, సిమ్ రకం కొంటేనే వస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో వైఫై రకాలకూ చాలావాటికి ఉంటుంది. ఈ సంగతి దుకాణంలో మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

బ్యాటరీని ఎంఏహెచ్‌లో కాక వాట్-అవర్లలో చూడాలి. 8.3 అంగుళాల ఐప్యాడ్ మినీలో 19.3, 10.9 అంగుళాల ఐప్యాడ్‌లో 28.6 వాట్-అవర్లు. రెండింటికీ కంపెనీ చెప్పేది 10 గంటలే, ఎందుకంటే పెద్ద తెర వెలగడానికే ఎక్కువ కరెంటు పోతుంది. సిగ్నల్ అందనిచోట సిమ్ ఉన్న ట్యాబ్ టవర్ కోసం గట్టిగా వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. అక్కడ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మేలు. పక్కనే 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్న ఈ ప్రాంతంలో చెప్పుకోవాల్సిన లెక్క ఇంకోటి ఉంది. ఛార్జింగ్‌లో పోయే నష్టాన్ని తీసేసినా, ఒక్క యూనిట్ కరెంటుతో చిన్న ట్యాబ్‌ను దాదాపు 40 సార్లు నింపవచ్చు. 10 వాట్ల సోలార్ పలక ఉన్నా, మంచి ఎండలో మూడు నాలుగు గంటలు చాలు.

ఆ ఎండలో పలకను ఉంచాలి, ట్యాబ్‌ను కాదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని ఆపిల్ చెబుతుంది. బొగ్గు గనుల ఈ సీమలో మే నెలలో 45 దాకా పోయే రోజులుంటాయి. లిథియం బ్యాటరీ నిండుగా ఛార్జై వేడిలో పడి ఉంటే, లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకుని దాని ఆయుష్షు తగ్గుతుంది. కారు డాష్‌బోర్డు మీద పెట్టి మరిచిపోవడం అన్నిటికంటే చెడ్డది.

పినపాక చుట్టుపక్కల తిరిగే మనిషికి నా ఓటు ఎనిమిది తొమ్మిది అంగుళాల, కార్డు పట్టే, సిమ్ వేసుకోగల ఆండ్రాయిడ్ ట్యాబ్‌కే. ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకు, బొమ్మలు గీసేవాళ్లకు పెద్ద ఐప్యాడ్ బాగుంటుంది. ఏది కొన్నా డబ్బు కట్టే ముందు దుకాణం గడప దాటించి, ఎండలో ఒక తెలుగు పీడీఎఫ్ తెరిచి చూడండి. ఒత్తులు కనబడకపోతే అక్కడే వద్దనేయండి.