ఇంటిలో ఇన్సులిన్ సూది

ఆస్పత్రిలో రోగికి ఇచ్చు సూదిమందు పలువురి కన్నులు దాటి వచ్చును. వైద్యుడు వ్రాసినదానిని ఫార్మసిస్టు చూచును. అతడు పంపినదానిని నర్సు చార్టుతో పోల్చి చూచుకొనును. ఇన్సులిన్ వంటి మందైనచో పెక్కు ఆస్పత్రులలో రెండవ నర్సు కూడ వచ్చి, సిరంజిలో మందు ఏ గీత వరకు ఉన్నదో చూచి, సరియన్న పిదపనే సూది రోగి కడకు పోవును. ఇంటిలో ఈ అంచెలు లేవు. అక్కడ ఉండునది నర్సు ఒకతె, మంచము మీద ఒక వృద్ధురాలు, ఫ్రిజ్ తలుపు అరలో నిమ్మకాయ పచ్చడి ప్రక్కన రెండు మూడు మందుసీసాలు. పిల్లలు వేరు ఊళ్ళలోనో విదేశములలోనో ఉండుటచే, ఇంటికి వచ్చి మందులిచ్చు నర్సును వృద్ధులకు కుదుర్చుట హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో నేడు క్రొత్త సంగతి కాదు. ఇట్లు ఇంట ఇచ్చు మందులలో మిక్కిలి మెలకువ కోరునది ఇన్సులిన్. ఎక్కువైనచో కొన్ని గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును. తక్కువైనచో రక్తములో చక్కెర పెరుగుచు పోవును. కాని ఆ తప్పు వెంటనే బయటపడదు.

నర్సుల విద్యలో ఐదు నియమములు నేర్పుదురు: సరియైన రోగికి, సరియైన మందును, సరియైన మోతాదులో, సరియైన మార్గమున, సరియైన వేళకు ఇయ్యవలెను. ఇవి కంఠస్థము చేయదగినవే. కాని పొరపాటు చేయుచున్న వారికి కూడ తామిచ్చునది సరియైన మోతాదే అని తోచును. లేనిచో ఇయ్యనే ఇయ్యరు గదా! కావున నియమము తెలిసిన చాలదు, మోతాదు ఏ చోట తప్పునో తెలియవలెను. ఇన్సులిన్ విషయమున ఆ చోటు ఒక అంకెలో ఉన్నది.

తక్కిన మందులను సాధారణముగా మిల్లీగ్రాములలో చెప్పుదురు. ఇన్సులిన్‌ను మాత్రము యూనిట్లలో చెప్పుదురు. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కల క్లోమము నుండి ఈ పదార్థమును రాబట్టిరి. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటి సూది వేసిరి. మందులో మలినములుండుటచే ఆశించిన ఫలితము కలుగలేదు. కాలిప్ అను రసాయన శాస్త్రవేత్త మరింత శుద్ధిచేసిన మందును జనవరి 23న ఇచ్చినపుడు బాలుని రక్తములో చక్కెర దిగినది. ఒకనాడు తయారైన మందులో అసలు సరకెంతయో, మరునాటి దానిలో ఎంతయో తెలియని ఆ రోజులలో తూచి ప్రయోజనము లేదు. అందుచే మందును దాని పనినిబట్టి కొలిచిరి: ఉపవాసముంచిన కుందేలు రక్తములోని చక్కెరను ఒక నిర్ణీత మట్టమునకు దించుటకు ఎంత కావలెనో చూచి, దాని ఆధారముగా యూనిట్‌ను ఏర్పరచిరి. నేడు ఇన్సులిన్ స్వచ్ఛముగా దొరకుచున్నది, తూచుటకు వీలున్నది. ఒక యూనిట్ మానవ ఇన్సులిన్ 0.0347 మిల్లీగ్రాములని లెక్క. అయినను పాత కొలతయే నిలిచినది.

యూనిట్ అనగా మందు ఎంతయో తెలుపు కొలత. ద్రవము ఎంతయో తెలుపునది కాదు. ఒకరి ఇంట డికాక్షను చిక్కగా ఉండును, మరియొకరి ఇంట పలుచగా ఉండును. గరిటె ఒకటే అయినంత మాత్రమున అందులోని కాఫీ ఒకటి కాదు. ఇన్సులిన్ కూడ ఇట్లే ముఖ్యముగా రెండు చిక్కదనములలో మన అంగళ్ళకు వచ్చుచున్నది. మన దేశమున సీసాలలో అమ్ము మానవ ఇన్సులిన్ సాధారణముగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులలో వాడు కార్ట్రిడ్జిలలోను, గ్లార్జిన్ వంటి కొన్ని క్రొత్త రకముల సీసాలలోను మిల్లీలీటరుకు 100 యూనిట్లుండును. అందుకు తగినట్లు సిరంజిలును రెండు రకములు. 40 యూనిట్ల మందుకు చేసిన సిరంజికి ఎర్రటోపీ, 100 యూనిట్ల దానికి నారింజ రంగు టోపీ ఉండును. సిరంజి గీతల ప్రక్కన అచ్చువేసిన అంకెలు యూనిట్లే. కాని తగిన చిక్కదనము గల మందును తీసినపుడు మాత్రమే ఆ అంకెలు నిజము చెప్పును.

వైద్యుడు 20 యూనిట్లు వ్రాసెననుకొందము. 40 యూనిట్ల సీసా నుండి ఎర్రటోపీ సిరంజిలో 20వ గీత వరకు తీసినచో అర మిల్లీలీటరు వచ్చును. అది సరిగా 20 యూనిట్లు. అదే సిరంజితో 100 యూనిట్ల సీసా నుండి తీసినను వచ్చునది అర మిల్లీలీటరే, కాని అందులో 50 యూనిట్లుండును. రోగికి రెండున్నర రెట్లు మందు పడినది! ఇక 40 యూనిట్ల మందును నారింజ టోపీ సిరంజితో 20వ గీత వరకు తీసినచో వచ్చునది 0.2 మిల్లీలీటరు, అనగా 8 యూనిట్లు. మూడు సందర్భములలోను నర్సు చూచిన గీత 20వదే, నోటుపుస్తకములో వ్రాసిన అంకె 20యే.

తక్కువ పడుట కొంత మేలని తోచవచ్చును. అది పొరపాటు. రోజూ 8 యూనిట్లే పడుచున్న రోగికి చక్కెర దిగదు. వైద్యుడు పుస్తకము చూచి, 20 చాలలేదని మోతాదును క్రమముగా 40కి పెంచును. నారింజ టోపీ సిరంజిలో ఆ 40వ గీత నిజమునకు 16 యూనిట్లు, రోగి కుదుటపడును. ఒకనాడు సిరంజిలు అయిపోవును, మందులషాపు కుర్రవాడు ఎర్రటోపీవి ఇచ్చును. ఇది మందుకు తగిన సిరంజియే. నర్సు ఎప్పటివలె 40వ గీత వరకు తీయును. ఆనాడు పడునవి నిజముగా 40 యూనిట్లు. ఎన్నడును తప్పు చేయని రోజున ఆపద వచ్చినదని ఇంటివారు ఆశ్చర్యపడుదురు. కావున సిరంజి రకము మారవలసి వచ్చిన నాడు పాత లెక్కను వైద్యునికి చెప్పక సూది వేయరాదు.

అమెరికాలో 100 యూనిట్ల ఇన్సులిన్ 1970 తరువాతి దశకములో వచ్చి వ్యాపించినది. బ్రిటనులో 1983 నుండి తక్కిన చిక్కదనములను తొలగించి దానినే వాడుకకు తెచ్చిరి. మన సీసాలలో 40 నిలిచినది, పెన్నులలో 100 వచ్చినది. అందుచే అమెరికా నుండి వచ్చిన కుమారుడు తల్లి కొరకు సీసాలు తెచ్చినచో, ఇంట ఉన్న ఎర్రటోపీ సిరంజి వాటికి పనికిరాదు. పెన్ను చెడినదని కార్ట్రిడ్జి నుండి సిరంజితో మందు తీయుటయు ఇట్టి ప్రమాదమునకే దారి. తగిన సిరంజి లేనపుడు కాగితము మీద గుణించి భాగించి సరిపెట్టుట కంటె షాపుకు మనిషిని పంపుట మేలు. రెండవ నర్సు లేని ఇంట ఆ పనిని కొంత వరకు ఇంటివారే చేయవచ్చును. సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను, చీటీలోని మోతాదును నర్సు బిగ్గరగా చదువగా, కోడలో మనుమడో కళ్ళద్దములు పెట్టుకొని చూచిన చాలును. దీనికి వైద్యశాస్త్రము అక్కరలేదు.

చీటీలో ఇంకొక ఉచ్చు కలదు. యూనిట్ అను మాటకు బదులు ఆంగ్లాక్షరము యు ఒక్కటే వ్రాయు అలవాటు కొందరికి ఉన్నది. చేతివ్రాతలో అది సున్నవలె కనబడి, 4 యూనిట్లు 40 అగును, 10 యూనిట్లు 100 అగును. మాటను పూర్తిగా వ్రాయవలెనని మందుల భద్రతను గూర్చి పాటుపడువారు చిరకాలముగా చెప్పుచున్నారు. అనుమానము కలిగినపుడు వైద్యునికి ఫోను చేసి అడుగుట నర్సుకు చిన్నతనము కాదు.

మోతాదు కుదిరినను వేళ కుదరవలెను. తేటగా ఉండు సాధారణ ఇన్సులిన్ అరగంటలో పని మొదలుపెట్టి, రెండు మొదలు నాలుగు గంటల నడుమ మిక్కిలి ఉధృతముగా ఉండును. దానిని భోజనమునకు అరగంట ముందు వేయుదురు. నర్సు ఏడు గంటలకు వచ్చి సూది వేసి మరియొక ఇంటికి పోయి, వంటమనిషి తొమ్మిదింటికి ఇడ్లీ పెట్టినచో నడుమ రక్తములో చక్కెర పడిపోవును. పళ్ళెము సిద్ధమగుచున్నదా, రోగికి తినబుద్ధి యున్నదా, వాంతులు గాని కలవా అని చూచిన పిమ్మటనే సీసా మూత ముట్టవలెను. తినలేనిచో ఆనాటి మోతాదును గూర్చి వైద్యుని అడుగవలెను. తమంతట తాము పూర్తిగా మానివేయుటయు అపాయకరమే. నర్సు ఆలస్యమైనదని రోగి తానే సూది వేసికొని మరచుట కూడ వృద్ధుల ఇండ్లలో జరుగవచ్చును. సూది వేసిన వెంటనే వేళతో సహా వ్రాయు పుస్తకము మంచము దగ్గరనే ఉండవలెను.

మందు తెల్లగా మబ్బుపట్టినట్లుండు రకమైనచో, సీసాను అరచేతుల నడుమ మెల్లగా దొర్లించి అంతయు సమముగా కలిసిన పిదపనే తీయవలెను. సూదిని రోజూ ఒకే చోట గ్రుచ్చినచో చర్మము క్రింది కొవ్వు గట్టిపడి ఉబ్బును. అక్కడ నొప్పి తక్కువ గనుక రోగులు ఆ చోటునే కోరుదురు. కాని అక్కడ మందు సరిగా ఇంకదు. క్రొత్తగా వచ్చిన నర్సు మంచి చోటు చూచి అదే మోతాదు వేసినచో మందు బలముగా పనిచేయును. కావున చోటు మార్చునపుడు చక్కెరను పలుమార్లు పరీక్షించుచుండవలెను. మూత్రపిండములు బలహీనపడిన వారిలో ఇన్సులిన్ త్వరగా విరుగక, పాత మోతాదే ఎక్కువగును.

తెరువని సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. మంచు పెట్టెలో గడ్డకట్టినది మరల కరిగినను పనికిరాదు. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో కరెంటు పోయినచో తడిపిన మట్టికుండ చాలవరకు ఆదుకొనును.

చక్కెర పడిపోవుచున్నదనుటకు చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబడుట గుర్తులు. ప్రొప్రనలాల్ వంటి మాత్రలు వాడువారిలో దడ, వణుకు కనబడక పోవచ్చును. చెమట మాత్రము పట్టును. పరీక్షలో 70 మిల్లీగ్రాములకు తగ్గినచో, రోగి మింగగల స్థితిలో ఉన్నంతవరకు, మూడు చెంచాల గ్లూకోజు పొడిని నీటిలో కలిపి త్రాగించి పదిహేను నిమిషముల తరువాత మరల పరీక్షింపవలెను. గ్లూకోజు లేనిచో పంచదార వాడవచ్చును. కాని అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు మ్రింగువారికి పంచదార ఆలస్యముగా పనిచేయును గనుక గ్లూకోజే కావలెను. లడ్డూ పెట్టుట తగదు. అందులోని నెయ్యి చక్కెరను త్వరగా రక్తములోనికి పోనియ్యదు. తెలివి తప్పిన వారి నోటిలో ఏదియు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. వారిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి వెంటనే 108కి ఫోను చేయవలెను. తేరుకొన్న రోగికి కొంచెము అన్నమో రొట్టెయో పెట్టి, తరువాతి మోతాదు సంగతి వైద్యునితో మాటలాడిన తరువాతనే నర్సు మరల సిరంజిని చేతబట్టవలెను.