బోరు నీళ్లకు పొగ లెక్క - పద్దు ఎవరి చేతిలో ఉండాలి?

వెనకటి ఆయిలింజను నల్లగా పొగ కక్కేది. గట్టు మీద కలుపు తీసే కూలీకి గూడా ఆ కంపు తెలిసేది. కరెంటు మోటారుకు ఆ బాధ లేదు. అందుకే బోర్ల వాడకం వల్ల గూడా భూమి వేడెక్కుతోందని ఎవరైనా చెబితే "మోటారుకు పొగెక్కడిదయ్యా?" అని మనవాళ్లు నవ్వుతారు.

పొగ ఉంది. అది పొలంలో కాక కొత్తగూడెం, రామగుండం, విజయవాడ, ముద్దనూరుల్లోని బొగ్గు కరెంటు కేంద్రాల గొట్టాల్లోంచి వస్తోంది. మన దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి 70 వంతులకు పైగా బొగ్గుదే. కేంద్ర విద్యుత్ అథారిటీ లెక్కల ప్రకారం ఒక్క యూనిట్ కరెంటుకు సరాసరిన 0.7 కిలోలకు కాస్త పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఎన్ని యూనిట్లు కాలాయో తెలిస్తే ఎంత పొగ వచ్చిందో తెలుస్తుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఎకరం వరికి ఎంత?

వెయ్యి లీటర్ల నీళ్లను 60 మీటర్ల లోతు నుంచి, అంటే సుమారు 200 అడుగుల నుంచి పైకి తేవడానికి, ఏ నష్టమూ లేకపోతే 0.16 యూనిట్ చాలు. కానీ పాత మోటార్లు, కారే పైపులు, తక్కువ వోల్టేజీ కలిసి ఇందులో చాలా భాగం మింగేస్తాయి. కాలిన కరెంటులో మూడో వంతే పనికి వచ్చిందనుకుంటే అర యూనిట్ దాకా అవుతుంది. ఎకరం వరికి పంటకాలం మొత్తం మీద 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే సుమారు 2,400 యూనిట్లు. 1,700 కిలోల బొగ్గుపులుసు వాయువు. నీళ్లు నిలిచిన మడిలో పుట్టే మీథేన్ వాయువు దీనికి అదనం.

అదే వరి ధవళేశ్వరం ఆనకట్ట కింద పండితే? కాలవ నీళ్లు వాలు మీద పారి వస్తాయి. తోడే కరెంటు దాదాపు సున్నా. అంతమాత్రాన గోదావరి డెల్టా రైతు బుద్ధిమంతుడూ కాదు, నల్లగొండ, అనంతపురం రైతు దుబారా మనిషీ కాదు. ఒకరికి కాలవ ఉంది, రెండోవారికి లేదు. చెరువులు పూడిపోతున్నా, తూములు విరిగిపోతున్నా పాలకులు పట్టించుకోనందువల్లనే మెట్ట రైతు అప్పు చేసి బోరు వేసుకున్నాడు. ఆ పొగలో పాలకుల వాటా ఎంతో గూడా పద్దులో రాయాలి.

పెద్ద మోటార్ల మాటేమిటి?

కాళేశ్వరం పథకాన్ని మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల మట్టం నుంచి కొండపోచమ్మ సాగర్ దగ్గర 618 మీటర్ల దాకా నీళ్లు ఎత్తిపోసేలా రూపొందించారు. ఒక టీఎంసీ నీటిని అంత ఎత్తుకు చేర్చాలంటే, పంపుల నష్టం కలపకుండానే, 4 కోట్ల యూనిట్లు కావాలి. పైన చెప్పిన దేశ సరాసరితో చూస్తే అది 28 వేల టన్నుల వాయువు. మెట్టకు నీళ్లు వద్దని ఎవరూ అనరు. అయితే ఎంత ఎత్తిపోతకు ఎంత కరెంటు, ఎంత పొగ, ఎన్ని ఎకరాలు అన్నది జనం ముందు పెట్టాలి. పెద్ద పంపుల లెక్క పక్కనబెట్టి, అయిదు హార్సుపవర్ మోటారున్న సన్నకారు రైతును నిలదీయడం న్యాయం కాదు.

లెక్క వేరు, బిల్లు వేరు

లెక్క అనగానే మనవాళ్లు ఉలిక్కిపడటానికి కారణం ఉంది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలొదిలారు. 2004లో వచ్చిన ఉచిత కరెంటు ఆ పోరాటాల ఫలితమే. 2020లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల అదనపు అప్పుకు విద్యుత్ సంస్కరణలతో ముడిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో పంపుసెట్లకు మీటర్లు మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకోలేదు. మీటరు వెనకాలే బిల్లు వస్తుందన్న అనుమానం ఊరికే పుట్టలేదు.

అట్లని లెక్కే వద్దంటే నష్టపోయేదీ మనమే. మీటర్లు లేని పంపుసెట్ల వాడకాన్ని డిస్కంలు కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి, మిగతాది అంచనా కడతాయి. అంచనా ఉన్నచోట లైను నష్టాలను, పెద్దల దొంగ వాడకాన్ని రైతు ఖాతాలోకి తోసే సందు ఉంటుంది. ఎవరో కాల్చిన కరెంటుతో పాటు దాని పొగ గూడా మన నెత్తిన పడుతుంది.

దారి మన దగ్గరే ఉంది. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల రైతులు తమ భూగర్భ జలాల లెక్క తామే రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. బావుల్లో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, రబీకి ముందు అందరూ కూచుని ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో తేల్చుకున్నారు. పెద్ద చదువుల్లేని ఆడవాళ్లు, మగవాళ్లు చేసిన పని ఇది. అదే పుస్తకంలో ట్రాన్స్‌ఫార్మర్ మీటరు అంకె రాసే గడి ఒకటి చేరిస్తే పొగ లెక్క గూడా వచ్చేస్తుంది. ఇంటింటి మోటారుకు మీటరు అక్కర్లేదు.

కూలీ గడి ఏదీ?

ఆ పద్దులో ఇంకొక గడి ఉండి తీరాలి: పనిదినాలు. మడిని ఆరబెట్టి మళ్లీ తడిపితే నీరు, కరెంటు, మీథేన్ మూడూ తగ్గుతాయి, నాట్లు పోవు. నేరుగా విత్తనం వెదజల్లే పద్ధతిలోనూ నీరు ఆదా అవుతుంది గానీ, నాట్ల కూలి పోతుంది. ఆ కూలి ఎక్కువగా ఆడవాళ్లది. సొంత బోరూ మోటారూ లేని కూలీ ఇంట్లో పుట్టే పొగ అందరికన్నా తక్కువ. పొగ తగ్గించే పేరున ముందు పోయేది మాత్రం ఆమె పని. ఇది ఏ లెక్క?

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ట్రాన్స్‌ఫార్మర్ల మీటరు అంకెలు, ఎత్తిపోతల కరెంటు లెక్కలు గ్రామసభలో చదవాలి. ఆ లెక్కను చార్జీలకు వాడరాదు. పాత పంపులు మార్చి, కెపాసిటర్లు బిగించే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. చెరువుల పూడిక యంత్రాలతో కాక కూలీల చేత తీయించాలి. నాట్లలో పోయిన పనిదినాలు అక్కడ పూడ్చాలి. వచ్చే గ్రామసభలో రైతు సంఘం, కూలీ సంఘం కలిసి ఈ నాలుగు కోర్కెలూ తీర్మానంగా పెట్టాలి.