పాత పికప్పునకు పెద్ద టైర్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పికప్పు ట్రక్కు కేవలము సరకుల బండి గాదు. ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక పైకప్పు లేని తొట్టియు గల ఈ వాహనమును రైతు గడ్డిమోపులకును, వడ్రంగి పలకలకును, ఉద్యోగి సెలవునాటి విహారమునకును ఒకే తీరున వాడుకొనును. ఫోర్డు కంపెనీవారి ఎఫ్-శ్రేణి ట్రక్కులు 1977 మొదలుకొని ఆ దేశమున అన్నింటికంటె అధికముగ అమ్ముడుపోవు ట్రక్కులుగ నిలిచియున్నవనిన, వీనిపై అచ్చటి జనులకు గల మక్కువ ఎట్టిదో ఊహింపవచ్చును. డల్లాసు, హ్యూస్టను పరిసరములలో ఇల్లు కట్టుకొని, పెరటిలో తోటపనియు కలపపనియు మొదలుపెట్టిన మన తెలుగువారిలోను, పాత పికప్పును ఇంటికి రెండవ బండిగ తెచ్చుకొనువారు కలరు.

అట్లు తెచ్చుకొన్న ఇరువదియేండ్ల బండికి యజమాని తలపెట్టు మొదటి సంస్కారము సాధారణముగ చక్రములదే. కంపెనీ చక్రములకు మెరుగు పోయి, అంచులు తుప్పు పట్టియుండును, టైర్లు అరగియుండును. ఎటులైన టైర్లు మార్చవలసియే యున్నపుడు, కొంచెము పెద్దవి వేసినచో బండి గంభీరముగ కనబడును గదా, మట్టిబాటలో గతుకులను సులువుగ దాటును గదా యను ఆలోచన పుట్టుట సహజము. క్రొత్త చక్రములు నాలుగు కొనినచో బండి ఖరీదులో పెద్ద వంతు వానికే పోవును గనుక, చూపు పాత చక్రములపైకి మరలును. ఇచ్చటనే జాగ్రత్త వలయును.

చక్రము బండికి సరిపోవునా లేదా యనుటను దాని అందము గాని పరిమాణము గాని నిర్ణయింపవు. హబ్బుపై వలయాకారముగ నాటిన స్టడ్డుల సంఖ్యయు, ఆ స్టడ్డుల కేంద్రముల గుండ గీయదగిన వృత్తముయొక్క వ్యాసమును నిర్ణయించును. ఇది యెంత సూక్ష్మమైన విషయమో తెలియుటకు 1997 మొదలు 2003 వరకు వెలువడిన ఎఫ్-150 తరమును మించిన నిదర్శనము లేదు. 1996 మోడలు వరకు ఆ బండికి స్టడ్డులు అయిదు, వృత్తవ్యాసము అయిదున్నర అంగుళములు, అనగా 139.7 మిల్లీమీటర్లు. 1997లో బండి రూపమును సమూలముగ మార్చినపుడు కంపెనీవారు స్టడ్డులను అయిదుగనే యుంచి, వ్యాసమును మాత్రము 135 మిల్లీమీటర్లకు తగ్గించిరి. 2004 నాటి క్రొత్త రూపమునందు వ్యాసము అట్లే నిలిచినది గాని స్టడ్డులు ఆరైనవి. పేరు ఒక్కటే, తరములు మూడు, కొలతలును మూడు. వెనుకటి తరపు చక్రము గాని తరువాతి తరపు చక్రము గాని నడిమి తరమునకు పట్టదు. డాడ్జి రామ్ 1500కు ఆ కాలమున వచ్చిన అయిదు రంధ్రముల చక్రమును 139.7 కొలతదే గనుక నిష్ప్రయోజనము. ఇంతటితో ఆగక, అధికభారమునకై ప్రత్యేకించిన కొన్ని ఎఫ్-150 బండ్లకు ఏడేసి స్టడ్డులు పెట్టిరి. అట్టి బండి కొన్నవాడు పాత చక్రములకై పడు పాట్లు వర్ణనాతీతములు. ఈ మార్పులకు ఇంజనీర్ల యొద్ద ఏ సమాధానమున్నదో గాని, పాత సామాను కొనువాని పాలిట ఇవి శాపములే.

139.7కును 135కును గల భేదము కంటికి ఆనదు. అయిదు స్టడ్డులున్నపుడు ఒకదానికి సరిగ్గా ఎదురుగ మరియొకటి యుండదు గనుక వ్యాసమును నేరుగ కొలుచుటయు వీలుపడదు. ప్రక్కప్రక్కనున్న రెండు స్టడ్డుల కేంద్రముల నడిమి దూరమును కొలిచి, దానిని 1.701చే హెచ్చింపవలయును. ఆ దూరము 79.4 మిల్లీమీటర్లున్నచో వృత్తము 135ది, 82.1 ఉన్నచో 139.7ది. అనగా కొనువాని అదృష్టమంతయు మూడు మిల్లీమీటర్లకు లోబడిన వ్యత్యాసముపై నిలిచియున్నది. దర్జీవాని టేపుతో ఈ పని కానేరదు. వెర్నియరు కాలిపరు వలయును. ఆరు స్టడ్డుల చక్రమునకు ఈ చిక్కు లేదు, ఎదురెదురు కేంద్రముల దూరమే వ్యాసము. కొలత కలియని చక్రమును బలవంతముగ తొడిగి, నట్లు కొన్ని చుట్లు తిరిగినవి గదా యని తృప్తిపడువారు లేకపోలేదు. అట్టి చక్రము కేంద్రము తప్పి ఊగును, నట్లు వదులగును, తుదకు స్టడ్డులు తెగి చక్రమే ఊడిపోవును.

మరి ఈ నడిమి తరమునకు ఏవి పట్టును? అదే కంపెనీవారి ఎక్స్‌పెడిషన్ బండ్లలో 1997 మొదలు 2002 వరకు వచ్చినవియు, లింకన్ నావిగేటరులో 1998 మొదలు 2002 వరకు వచ్చినవియు అదే అయిదు స్టడ్డుల 135 కొలతవి. ఈ రెండును సంపన్న కుటుంబముల బండ్లు. తొట్టిలో రాళ్లు మోసినవి గావు, పాఠశాలకును అంగడికిని తిరిగినవి. అందుచేత వాని అల్యూమినియము చక్రములు తరచుగ మంచి స్థితిలో దొరకును. పాత బండ్లను విడదీసి భాగములుగ అమ్ము దొడ్లు అమెరికాలో ప్రతి నగరపు శివారునను కలవు. కొన్నిట కొనువాడే పానాలు చేతబట్టి లోనికి పోయి, తనకు కావలసిన భాగమును తానే విప్పుకొని రావచ్చును. ఏ బండి భాగము ఏ బండికి పట్టునో తెలుపు హొలాండర్ సూచికలు ఆ దొడ్లవారి యొద్ద నుండును. చక్రమును విప్పుటకు పూర్వమే వారినడిగి సూచికలో సరిచూచుకొనుట మేలు. క్రొత్త బండి కొనిన వెంటనే కంపెనీ చక్రములను తీసివేసి, మోజుకొద్ది వేరొకటి తొడిగి, తీసినవానిని అగ్గువకు అమ్మివేయువారును ఆ దేశమున పెక్కుమంది. క్రొత్త తరపు బండి గలవారికి అంతకంటె మంచి బేరము లేదు. మన ఇరువదియేండ్ల బండికి మాత్రము అవి అక్కరకు రావు.

స్టడ్డులు కుదిరినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. చక్రపు నడిమి రంధ్రము హబ్బు నడిబొడ్డుపై బిగువుగ కూర్చుండవలయును; ఎఫ్-150 విషయమున అది 87.1 మిల్లీమీటర్లు. రంధ్రము ఇరుకైనచో చక్రము ఎక్కనే ఎక్కదు. వదులైనచో నట్ల శంకుభాగములే చక్రమును కేంద్రమున నిలుపవలసియుండును. బిగింపు ఏమరినపుడు స్టీరింగు వణకును. ఆఫ్‌సెట్టు అనునది మరియొక కొలత. రిమ్ము వెడల్పునకు సరిగా నడుమనున్న తలమునుండి, హబ్బును తాకు తలము ఎంత వెలుపలికి జరిగియున్నదో అది తెలుపును. అది పెరిగినకొలది చక్రము లోపలికి పోయి సస్పెన్షను భాగములను రాయును; తగ్గినకొలది వెలుపలికి వచ్చి మడ్‌గార్డును దాటి, హబ్బు బేరింగుపై అధికమైన మోపు పెట్టును. పాత బండికి బేరింగులు ముందే అరగియుండునని వేరుగ చెప్పనక్కరలేదు.

కొనుటకు ముందు చక్రమును వెనుక ప్రక్కకు త్రిప్పి చూడవలయును. అమ్మువాడు ముఖమును తుడిచి మెరయించును గాని వెనుకభాగమును తుడువడు. అచ్చట లోపలి అంచు వంగినదేమో, చీలిక యున్నదేమో, వెల్డింగు చేసిన జాడ యున్నదేమో పరిశీలింపవలయును. ఇనుప చక్రపు అంచు కొంచెము వంగినచో సరిచేయవచ్చును. అల్యూమినియము చక్రమునకు పగులు వచ్చినచో దానిని విడిచిపెట్టుటయే మంచిది. నట్ల రంధ్రములు కోడిగ్రుడ్డు ఆకారమున సాగియున్నచో, ఆ చక్రము వదులు నట్లతో పరుగెత్తిన చక్రమని గ్రహింపవలయును. నట్లను సైతము బండి స్టడ్డుల మరలకు సరిపోల్చుకొనవలయును. ఈ ఒక్క తరములోనే తొలి సంవత్సరముల స్టడ్డులు 12 మిల్లీమీటర్ల మందమువి, తరువాతివి 14వి.

ఇక టైరు. దాని ప్రక్కన 255/70ఆర్16 అని యున్నదనుకొందము. వెడల్పు 255 మిల్లీమీటర్లు; ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు; రేడియల్ నిర్మాణము; రిమ్ము వ్యాసము 16 అంగుళములు. ఇది ఆ తరపు ఎఫ్-150లలో పెక్కింటికి కంపెనీ ఇచ్చిన కొలత. రిమ్ము వ్యాసమునకు ప్రక్కగోడ ఎత్తును రెండుమార్లు కలిపినచో మొత్తము 763 మిల్లీమీటర్లు, అనగా రమారమి 30 అంగుళములు. దీనికి పై మెట్టు 265/75ఆర్16. దాని వ్యాసము 804 మిల్లీమీటర్లు, 31.6 అంగుళములు, కంపెనీవారి ఏడంగుళముల వెడల్పు రిమ్ముపైననే అది కూర్చుండును. ఇంతవరకు వచ్చి ఆగుట వివేకము. నాలుగు సెంటీమీటర్లు పెరిగిన టైరు బండిని నేలనుండి ఎత్తునది అందులో సగమే, రెండు సెంటీమీటర్లు మాత్రమే. ఇంత శ్రమకును ఇంత వ్యయమునకును ఫలము రెండు సెంటీమీటర్లా యని అడుగువారికి నా యొద్ద ప్రత్యుత్తరము లేదు. అందము సంగతి వేరు.

పెద్ద టైరు ఒక్కొక్క చుట్టునకు ఎక్కువ దూరము పోవును గాని, వేగమును చూపు ముల్లు ఆ సంగతి నెరుగదు. పై మార్పుతో ముల్లు 60 మైళ్లు చూపునపుడు బండి 63 మైళ్ల వేగమున పోవుచుండును. నూరు మైళ్లు నడిచిన బండి మీటరులో 95గ నమోదగును. వేగపరిమితిని మీరిన నేరమునకు పోలీసులు ఆపినపుడు టైరు కొలతను సాకుగ చెప్పుట చెల్లదు. ఇరుసులోని గేరు నిష్పత్తి 3.55 ఉన్న బండి 3.37 ఉన్నట్లు నడుచును. కావున ఎత్తు ఎక్కునపుడు ఇంజను మూలుగును, ట్రైలరు లాగు బండి మరింత మూలుగును. బరువైన టైరును ఆపుటకు బ్రేకులును ఎక్కువ శ్రమింపవలయును. 33 అంగుళముల దరికి పోయినచో ముందు చక్రములు పూర్తిగ మలచినపుడు మడ్‌గార్డు లోపలి పొరను రాచుకొనుట తరచు చూచునదే. దానికై నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందు బండ్లలో టార్షను కడ్డీలను బిగించి ముందుభాగమును లేపువారున్నారు. ఇరుసు కీళ్లు వంకరగ తిరిగి త్వరగ అరగుట అందువలన కలుగు ఫలితము.

పాత చక్రములను గూర్చి ఇంత చెప్పిన నేను, పాత టైర్లను మాత్రము కొనవద్దందును. లోహము దెబ్బ తగిలినపుడు చెడును. రబ్బరు ఊరక యున్నను చెడును. ఎండయు, గాలిలోని ప్రాణవాయువును దానిని క్రమముగ పెళుసు చేయును. గాడులు లోతుగ నున్నంత మాత్రమున టైరు బలముగ నున్నదని కాదు. లింకను తల గల సెంటు నాణెమును తలక్రిందుగ గాడిలో దించి, తల పైభాగము కనబడినచో టైరు అరగినదని తేల్చు పరీక్ష అచ్చట పసిబాలురకు గూడ తెలిసినదే గాని, అది వయస్సును చెప్పదు. వయస్సును డాట్ అను అక్షరములతో మొదలగు వరుస చివరనున్న నాలుగంకెలు చెప్పును: 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినది. మూడంకెలే యున్నచో అది 2000 సంవత్సరమునకు పూర్వపుది. దానిని ముట్టనే రాదు. ఆరేండ్లకు మార్చుడని ఫోర్డువారు చెప్పుదురు. ఎంత తక్కువ నడిచినను పదేండ్లు దాటనీయవద్దని పెక్కు టైరు కంపెనీల మాట.

ఈ జాగ్రత్తలు ఊరక పుట్టినవి గావు. ప్రధానముగ ఫోర్డు ఎక్స్‌ప్లోరరు బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు అధిక వేగమున పైపొర ఊడివచ్చి, బండ్లు బోల్తాపడి పెక్కుమంది మరణించుటచే, 2000వ సంవత్సరము ఆగస్టులో 65 లక్షల టైర్లను కంపెనీ వెనుకకు తీసుకొనవలసివచ్చెను. ఆ యేడే అమెరికా ప్రభుత్వము చేసిన చట్టమువలన, టైరులో గాలి తగ్గినపుడు హెచ్చరించు దీపము 2008 మోడలునాటికి అన్ని తేలిక బండ్లకును తప్పనిసరి యయ్యెను. మనము చెప్పుకొనుచున్న ఎఫ్-150 అంతకు ముందుది. ఆ దీపము దానికి లేదు. కావున గాలి కొలుచు గేజి బండిలో నుండవలయును.

క్రొత్త టైరు కొనునపుడు కొలతకు ముందు పి అను అక్షరమున్నదో, ఎల్‌టి అను అక్షరములున్నవో చూడవలయును. మొదటిది కార్ల జాతి. దానిని ట్రక్కునకు వేసినచో, వ్రాసియున్న భారశక్తిని 1.10చే భాగించి లెక్కింపవలెనని నియమము. రెండవది ట్రక్కు జాతి; ప్రక్కగోడలు దృఢము, గాలి ఎక్కువ పట్టును, నడక కొంత కఠినము. తొట్టి ఖాళీగ తిరుగువానికి మొదటిది చాలును. ఇటుకలు మోయువానికి, ట్రైలరు లాగువానికి రెండవదే తగును.

స్టెప్నీని మరువరాదు. తొట్టి క్రింద వ్రేలాడు పాత చిన్న టైరును పెద్ద టైర్ల సరసన తొడిగి, నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించుచు గట్టిరోడ్డుపై నడిపినచో గేర్ల పెట్టె దెబ్బతినును. అదే కొలత గల అయిదవదానిని గూడ కొని, అది ఆ క్రింది చోట పట్టునో లేదో ముందే చూచుకొనవలయును. అన్నియు తొడిగిన పిమ్మట నట్లను టార్కు పానాతో, నక్షత్రపు వరుసలో, పుస్తకమున చెప్పిన బిగువునకు తేవలయును. యాబది నూరు మైళ్లు నడిచిన తరువాత మరల ఒకమారు అదే పానాతో అన్నింటిని సరిచూడవలయును.